మూడో రోజుకే వదులయ్యే చైను

కాటారం బస్టాండు పక్కన సైకిళ్లు బాగుచేసే ఎర్రయ్యకు నోట్లో మిగిలినవి నాలుగే పళ్లు. ఆ నాలుగు పళ్లను చూసి గుట్టకింది తండా పూల్‌సింగ్ నాలుగు నెలలు కుళ్లిపోయాడు. అన్నం సహించలేదు, గడ్డం గీసుకోలేదు, చేనులో కలుపు తీయలేదు. కుళ్లుకి మనిషి పది కిలోలు తగ్గాడనీ, మొలతాడు జారి మోకాళ్ల దాకా వచ్చిందనీ తండా ఆడవాళ్లు చెప్పుకున్నారు. పది కిలోల సంగతి ఏమో గానీ, లుంగీ మాత్రం ఒక చుట్టు ఎక్కువ తిరిగేది. అది అందరూ చూశారు.

పూల్‌సింగ్‌కు యాభై దాటాయి. మనిషి ఎంత పొడుగంటే, బోనం ఎత్తుకున్న ఆడమనిషి కూడా అతని భుజం దాకా రాదు. మూడెకరాల చేను, రెండు ఎడ్లు, జనగామలో వెల్డింగ్ పని చేసే కొడుకు కల్యాణ్, ఇంట్లో భార్య సోమ్లీ. ఈ ముగ్గురిలో, ఎడ్లతో కలిపి ఐదుగురిలో, పేరున్నది సోమ్లీకే. ఆమె జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడుకి ఉరుమనుకుని గుట్ట మీద నెమళ్లు పురి విప్పేవట. కాటారంలో మెస్ నడిపే సులోచనమ్మ ఒకసారి ఆ రొట్టె తిని, తిన్న చేయి కడుక్కోకుండానే సోమ్లీని పనికి కుదుర్చుకుంది. పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నం దాకా రొట్టెలు చేసి రావాలి. తండా నుంచి కాటారం నాలుగు కిలోమీటర్లు. ఆటో దొరికితే దొరికినట్టు, లేకపోతే నడకే.

సోమ్లీకి సైకిల్ వచ్చు. చిన్నప్పుడు కొత్తగూడ దగ్గర మేనమామ ఇంట్లో పెరిగినప్పుడు నేర్చుకుంది. ఆ సంగతి విని పూల్‌సింగే ముందుకొచ్చి, చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పురుషోత్తం సారు బదిలీ మీద పోతూ అమ్మేస్తున్న లేడీస్ సైకిల్ తెచ్చాడు. గులాబీ రంగు, ముందు బుట్ట, హ్యాండిల్‌కు సగం ఊడిన కుచ్చులు. ట్రాలీలో వేసి కాటారం దాకా తెచ్చి, అక్కడి నుంచి తండాకు తనే తొక్కుకుంటూ బయలుదేరాడు.

ఆ దారిలో జరిగింది ఒకటుంది. అది పూల్‌సింగ్ ఎవరికీ చెప్పలేదు. అంత పొడుగు మనిషి అంత చిన్న సైకిల్ ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అయినా దొరలా ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో మీసం దువ్వుకుంటూ పోయాడు. వాగు మీది కల్వర్టు దగ్గర సైకిల్ ఒకవైపు, మనిషి ఒకవైపు అయ్యారు. పెడల్ దగ్గర చైను తిరిగే పళ్ల చక్రం పోయి కల్వర్టు అంచుకు టంగుమని కొట్టుకుంది. లేచి, మట్టి దులుపుకుని, రాయి తీసుకుని ఆ చక్రాన్ని నాలుగు దెబ్బలు వేసి తనకు తోచినట్టు సరిచేశాడు. చుట్టూ చూశాడు. మనిషి పురుగు లేదు. మోదుగు పొదల్లో ఏదో కదిలింది గానీ, మేక అనుకున్నాడు.

మర్నాటి నుంచి సోమ్లీ సైకిల్ మీద పనికి పోతుంటే తండా అంతా గడపల్లోకి వచ్చి చూసింది. మూడో రోజు మాత్రం ఆమె మామూలు కంటే గంట ఆలస్యంగా వచ్చింది. వేళ్లకు గ్రీజు, పెదాల మీద నవ్వు.

"సైను వదులై పడిపాయె. బస్టాండు కాడ ఎర్రయ్యన్న ఉన్నడు గద, ఆయిన బిగించిండు," అంది.

మళ్లీ మూడో రోజుకు అదే ఆలస్యం, అదే గ్రీజు, అదే నవ్వు. ఆ తరవాత మూడో రోజుకూ అంతే. మొదట గ్రీజు చూసిన పూల్‌సింగ్, తర్వాత నవ్వు చూడటం మొదలుపెట్టాడు.

"మళ్ల వదులైందా?"

"అయింది."

"మొన్ననే గద బిగిచ్చింది?"

"మొన్న మొన్ననే. ఇయ్యాల ఇయ్యాలనే."

"నవ్వుకుంట వచ్చినవేంది మరి?"

"సైను వదులైందని ఏడ్చుకుంట రావాల్నా?"

ఆ మాట దగ్గరే పూల్‌సింగ్‌కు కుళ్లు మంట రాజుకుంది. ఇంట్లో వాళ్ల మాటలు వాళ్ల లంబాడీ భాషలోనే నడుస్తాయి. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆమె ఆ భాషలో తనతో ఎన్ని మాటలందో లెక్క లేదు. కానీ ఆ భాషలో ఒక్కసారైనా ఇట్లా పళ్లన్నీ కనబడేలా నవ్విందా? ఈ నవ్వు ఎక్కడిది? కాటారంలో తెలుగులో నేర్చుకొచ్చిందా?

ఇక ఆగలేక ఒక రోజు యూరియా బస్తా వంక పెట్టి కాటారం పోయాడు. చెరుకురసం బండి వెనకాల నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి దాక్కుంటే నడుం వరకే దాక్కోగలడు. అయినా దాక్కున్నానే అనుకున్నాడు. రసం బండివాడు మూడుసార్లు "గ్లాసా, సగం గ్లాసా?" అని అడిగాడు. మూడుసార్లూ పూల్‌సింగ్ "ష్" అన్నాడు.

దుకాణం ముందు గులాబీ సైకిల్ తలకిందులుగా నిలబెట్టి ఉంది. ఎర్రయ్య చెక్క స్టూలు తెచ్చి, భుజం మీది తువ్వాలతో దులిపి సోమ్లీని కూర్చోమన్నాడు. "తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. పూల్‌సింగ్ చెవిలో ఆ మాట వేడి నూనెలా పడింది. ఎర్రయ్య చైను మీద వేలు పెట్టి నొక్కాడు, పెడల్ తిప్పాడు, మళ్లీ నొక్కాడు. పానా పెట్టి వెనక చక్రం నట్లు బిగించాడు. అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ముసలాయన పానా కింద పెట్టి లేచాడు. ఏదో చెబుతూ ఒక చేయి గాల్లో చాచాడు, రెండో చేత్తో మీసం దువ్వాడు, ఒక కాలు ఎత్తి అటూ ఇటూ ఊగాడు. సోమ్లీ కడుపు పట్టుకుని నవ్వింది. స్టూలు మీద నుంచి జారిపోయేంతగా నవ్వింది. కళ్లల్లో నీళ్లు తుడుచుకుంది.

అరవై ఐదేళ్ల మనిషి, నాలుగు పళ్లు, చేతుల నిండా నల్ల గ్రీజు. నా పెళ్లాం ముందు డ్యాన్స్ చేస్తున్నాడు! పూల్‌సింగ్ బండి వెనక నుంచి బయటికొచ్చాడు. యూరియా మర్చిపోయి తండాకు నడిచొచ్చేశాడు.

ఆ రోజు నుంచి అతను పోలీసు కుక్కలా తయారయ్యాడు. తన లెక్క తేలికే: చైను దానంతటది మూడు రోజులకోసారి వదులు కాదు. ఎవరో వదులు చేస్తున్నారు. ఎవరో అంటే ఎవరు, సోమ్లీయే. దాన్ని పట్టుకోవాలని పాన్‌డబ్బాలోంచి సున్నం తీసి, వెనక చక్రం నట్టు మీదా, దాన్లోంచి బయటికొచ్చిన ఇరుసు మొన మీదా కలిపి సన్నగా ఒక గీత గీశాడు. నట్టు ఎవరు ముట్టుకున్నా గీత విరుగుతుంది.

మూడో రోజు సోమ్లీ ఇంటి ముందు సైకిల్ దిగి, "మళ్ల వదులైంది, ఎర్రయ్యన్న దుకాణం ఇయ్యాల బందున్నది," అంది. పూల్‌సింగ్ పరుగెత్తి వంగి చూశాడు. చైను వదులే. సున్నం గీత మాత్రం గీసినట్టే ఉంది, వెంట్రుకంత విరగలేదు.

వేరే మనిషైతే అక్కడితో చేతులు దులుపుకునేవాడు. పూల్‌సింగ్ మాత్రం, అబ్బో, ఎంత తెలివి! నట్టు తిప్పి మళ్లీ గీత గీసి పెట్టిందన్నమాట, అనుకున్నాడు. సోమ్లీ చూస్తుండగానే తన పాన్‌డబ్బా తీసి సున్నం ఎంత తగ్గిందో చూసుకున్నాడు. తగ్గినట్టే అనిపించింది.

"ఉండు," అన్నాడు. "ఇయ్యాల నేనే బిగిస్త. ఇగ జన్మల వదులు కాకుంట బిగిస్త."

"నీకొచ్చా?"

"ఎడ్ల బండి ఇరుసు బిగిచ్చినోణ్ణి, నాకు గీ సైనొక లెక్కనా?"

పక్కింట్లోంచి పానా అడుక్కొచ్చాడు. చైను బాగా వదులుగా కనబడ్డ చోట చూసుకుని, వెనక చక్రాన్ని రెండు కాళ్లతో తన్నిపెట్టి వెనక్కు గుంజి, నట్లను ఒంట్లో ఉన్న కుళ్లంతా పానాలోకి దించి తిప్పాడు. చైను మీద వేలితో కొడితే తీగలా మోగింది. సోమ్లీ పెడల్ తిప్పబోతే ఒక చోట అది ఆగిపోయింది.

"గింత బిగిస్తె ఎట్ల తొక్కాలె?"

"కాళ్లతోని తొక్కాలె."

మర్నాడు పొద్దున సోమ్లీ ఎదురుగాలిలో గుట్ట ఎక్కుతున్నట్టు తొక్కుకుంటూ పోయింది. కాటారం పొలిమేరలో చైను టప్పుమని తెగింది. ఆ చప్పుడుకి అంబటిపల్లి దాకా కుక్కలు మొరిగాయని చెప్పుకున్నారు. ఆమె సైకిల్ నెట్టుకుంటూ ఎర్రయ్య దుకాణానికి తెచ్చింది. తెగిన చైనుకు లింకు వేయాలి, వెనక చక్రం ఇరుసులో బిగుసుకుపోయిన గోళీలు సరిచేయాలి. పని అయ్యేసరికి సాయంత్రమైంది. అంటే, మూడో రోజుకోసారి గంటసేపు ఉండే మనిషి, పూల్‌సింగ్ బిగించిన పుణ్యాన, మెస్ పని దిగినప్పటి నుంచి అక్కడే కూర్చుంది.

ఆమె ఇంటికి వచ్చేసరికి పూల్‌సింగ్ గడపలో లేడు. తండాకు పెద్ద, నాయక్ బాల్‌సింగ్ ఇంట్లో ఉన్నాడు. నసాబ్ పెట్టమని అడుగుతున్నాడు. నసాబ్ అంటే తండా పెద్దల పంచాయితీ. అక్కడ చెప్పిన మాటకు తిరుగుండదు. తప్పు తేలితే ఆడమనిషి పుట్టింటికి పోవచ్చు, మగవాడు ఒంటరిగా గంజి కాచుకోవచ్చు. అడిగేటప్పుడు పూల్‌సింగ్‌కు కోపంలో అది తట్టలేదు. ఇంటికి వచ్చి, పొయ్యి ముందు వీపు తిప్పి కూర్చున్న సోమ్లీని చూశాక తట్టింది. ఆమె నిజంగా పోతే? మంట కింద ఒక్కసారి చల్లటి భయం. కానీ నాయక్‌కు చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలంటే మీసం అడ్డొచ్చింది.

ఆదివారం పొద్దున నాయక్ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద తండా అంతా కూర్చుంది. నడుమ గులాబీ సైకిల్ తలకిందులుగా నిలబడింది, దొంగతనంలో దొరికిన మేకలా.

"చెప్పు పూల్‌సింగ్, ఏంది నీ పిర్యాదు?"

"నా ఇంటామె కావాలెనని సైను వదులు చేసుకుంట, మూడొద్దులకోసారి ఎర్రయ్య దుకాణం కాడికి పోతున్నది."

"సైనా?"

"సైనే, నాయక్."

బాల్‌సింగ్ చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పాడు. "గట్టు పంచాయితీ చేసిన, గొడ్ల పంచాయితీ చేసిన, లేచిపోయినోళ్ల పంచాయితీ చేసిన. సైను పంచాయితీ ముప్పయ్యేండ్లల్ల గిదే మొదలు. సరే, ముందు వదులున్నదో లేదో చూద్దాం."

ఒక పెద్దమనిషి లేచి చైను నొక్కి, "వదులే," అన్నాడు. ఊరికే ఉండక పెడల్ కొంచెం తిప్పి కూర్చున్నాడు. రెండో ఆయన వచ్చి నొక్కి, "ఏడ వదులు? కరెంటు తీగ లెక్కున్నది. నీ వేలికి బలం లేదు," అన్నాడు. ఆయనా పెడల్ తిప్పాడు. మూడో ఆయన "నడిమిట్ల ఉన్నది" అన్నాడు. మొదటాయన మళ్లీ లేచాడు, "నా వేలికి బలం లేదంటవా?" అని. ఐదు నిమిషాల్లో సోమ్లీ సంగతి మరిచి పెద్దమనుషులే చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది.

"ఆగుండ్రి!" అన్నాడు నాయక్. "సోమ్లీ, నువ్వు చెప్పు."

సోమ్లీ కొంగు వేలికి చుట్టుకుంటూ అంది: "నేను చెప్ప. ఎర్రయ్యన్ననే పిలిపియ్యిండ్రి."

ఎవరో బండి మీద పోయి ఎర్రయ్యను ఎక్కించుకొచ్చారు. ముసలాయన బొడ్లో పానాతో దిగాడు. పూల్‌సింగ్ అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూశాడు. దగ్గర్నుంచి చూస్తే మూడున్నర పళ్లే. అయినా కడుపులో మంట పావు వంతు కూడా తగ్గలేదు.

ఎర్రయ్య కూర్చుని, ఒక వేలు చైను మీద ఉంచి పెడల్ మెల్లగా తిప్పాడు. "చూడుండ్రి. గీడ వదులు. గీడ బిగువు. మళ్ల వదులు. సైనుల దోషం లేదు. గీ పళ్ల చక్రం గుండ్రంగ లేదు, ఓ దిక్కు నొక్కుకపోయి కోడిగుడ్డు లెక్కయింది. బిగువు కాడికి వచ్చినప్పుడల్ల వెనక చక్రాన్ని జర ముందుకు గుంజుతది. గుంజీ గుంజీ మూడో నాటికి చక్రం జరుగుతది, సైను వదులైతది. నట్టు ఎవ్వలు ముట్టే పనే లేదు."

పూల్‌సింగ్‌కు విరగని సున్నం గీత గుర్తొచ్చింది.

"మరి చక్రం నొక్కింది ఎవలు?" అడిగాడు నాయక్.

ఎర్రయ్య సోమ్లీ వైపు చూశాడు. సోమ్లీ నేల వైపు చూసింది.

"గది చెప్పనని ఈ బిడ్డకు ఒట్టేసిన," అన్నాడు ఎర్రయ్య.

పూల్‌సింగ్ ఎగిరి లేచాడు. రేకుకు తల తగిలి డాంమని మోగింది. "ఒట్టా? నా పెండ్లాంతోని నీకు ఒట్లేంది? చెప్పు! గీ పదిమందిల చెప్పు!"

సోమ్లీ తలెత్తింది. "చెప్పన్నా. ఆయినే అడుగుతుండు గద."

ఎర్రయ్య లేచాడు. ఒక చేయి చాచి హ్యాండిల్ పట్టాడు. మోకాళ్లు గడ్డానికి తెచ్చుకున్నాడు. రెండో చేత్తో మీసం దువ్వాడు. "నేను చెంబు వట్టుకొని మోదుగు పొదల కూసున్న. రోడ్డు మీద గులాబి సైకిలు, దాని మీద తాటి దూలమసుంటి మనిషి. దొర లెక్క వస్తుండు. గింతల కల్వర్టు ముంగట..." అని ఎర్రయ్య ఊగాడు, రెండు చేతులూ పైకి లేపాడు, కళ్లు తేలేశాడు, దబేలుమని నేల మీద పడ్డాడు. అంతటితో వదల్లేదు. లేచి దుమ్ము దులుపుకున్నాడు, ఎవరైనా చూశారా అని దొంగ చూపులు చూశాడు, లేని రాయి ఎత్తి లేని చక్రాన్ని టంగు టంగుమని కొట్టాడు.

తండా నవ్విన నవ్వుకు షెడ్డు రేకులు లేచి మళ్లీ కూర్చున్నాయట. నాయక్ కళ్లద్దాలు ఊడి పడ్డాయి. ఇందాక కొట్టుకోబోయిన పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

పూల్‌సింగ్ ఒక్కడే నవ్వలేదు. చాచిన చేయి, దువ్విన మీసం, ఎత్తిన కాలు. చెరుకురసం బండి వెనక నుంచి చూసింది ఇదే. సోమ్లీ కడుపు పట్టుకుని నవ్వింది ఈ మనిషిని చూసే. నాలుగు నెలలుగా ఆ స్టూలు ముందు ఆమెను నవ్విస్తున్నది ఎర్రయ్య కాదు, తనే. తన మీదే తను కుళ్లుతున్నాడు.

"నీకు ముందుగాల్నే ఎరుకా?" అన్నాడు సోమ్లీ వైపు తిరిగి.

"మొదటి నాడే ఎరుక."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె తండాల నీ మొఖం ఏడ వెట్టుకుంటవ్? గందుకే ఆయినతోని ఒట్టేయించుకొని సప్పుడు చెయ్యలే. నువ్వే నసాబ్ వెట్టించి పదిమందిల చెప్పించుకుంటివి."

బాల్‌సింగ్ కళ్లద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పాడు: "పడగొట్టినోడే బిగించాలె. ఇయ్యాల్టి సంది సైను పని పూల్‌సింగ్‌ది. రాకుంటె ఎర్రయ్య కాడ నేర్చుకో. లెవ్వుండ్రి, ఎండ ముదిరింది."

మర్నాడు పూల్‌సింగ్ సైకిల్ నెట్టుకుంటూ ఎర్రయ్య దుకాణానికి పోయాడు. తల వంచుకుని నిలబడ్డాడు. ఎర్రయ్య అదే స్టూలు తెచ్చి, అదే తువ్వాలతో దులిపి, "కూసో తమ్మీ. తిన్నవా?" అన్నాడు.

పూల్‌సింగ్ స్టూలు మీద కూర్చున్నాడు. అయితే ఈ మాట ఈయన ఎవరొచ్చినా అడుగుతాడన్నమాట. ఇరవై ఏడేళ్లలో తను సోమ్లీని ఈ మాట ఎప్పుడైనా అడిగాడా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

తుక్కు సైకిళ్ల గుట్టలోంచి ఎర్రయ్య ఒక పాత పళ్ల చక్రం ఏరి, గుండ్రంగా ఉందో లేదో చూసి బిగించాడు. పానా పూల్‌సింగ్ చేతికిచ్చాడు.

"పాత సైకిలు గద, ఎంత గుండ్రంగున్నా ఓ కాడ ఎంతోకొంత బిగుసుకుంటది. ముందుగాల పెడల్ తిప్పి గా జాగ దేవులాడు. గాడ వేలు వెట్టి నొక్కితె అర్ధంగులం ఆడాలె. నువ్వు మొన్న వదులున్న కాడ చూసి బిగిస్తివి, బిగువున్న కాడ తెగి సచ్చింది. రెండు దిక్కుల నట్లు సమంగ. కుళ్లుకొని తిప్పకు, జర మెల్లగ."

మూడో రోజు వచ్చింది. చైను వదులు కాలేదు. నాలుగో రోజూ కాలేదు. వారమైంది, పది రోజులైంది. సోమ్లీ వేళకు పోతోంది, వేళకు వస్తోంది, సైకిల్ గోడకు ఆనించి నేరుగా లోపలికి పోతోంది. పూల్‌సింగ్ పానాకు నూనె రాసి, తుడిచి, మళ్లీ రాసి గడపలో కూర్చునేవాడు. ఆమె రాగానే తలెత్తేవాడు. "మంచిగున్నదా సైను?" "మంచిగున్నది." అంతే. సైకిల్ చెడినప్పుడు ఎర్రయ్యకు మూడు రోజులకోసారి గంటసేపు దొరికిన మనిషి, సైకిల్ బాగుపడ్డాక తనకు రెండు మాటలు కూడా దొరకడం లేదు. ఈసారి పూల్‌సింగ్ కుళ్లు ఆ వంకర చక్రం మీదికి పోయింది. తుక్కులో పడి ఉన్న ఆ కోడిగుడ్డు ఆకారం ఎంత అదృష్టం చేసుకుందో అనిపించింది.

ఒక పొద్దున సోమ్లీ ఎడ్లకు కుడితి పెడుతుండగా, పూల్‌సింగ్ వెనకా ముందూ చూసి, నట్ల వంక చూడకుండానే వాటిని తిప్పి, వెనక చక్రాన్ని కొంచెం ముందుకు జరిపి, మళ్లీ గట్టిగా బిగించి పెట్టాడు. వాకిలి పక్క పొదల వైపు కూడా ఒకసారి చూశాడు. ఈసారి ఏమీ కదల్లేదు.

మధ్యాహ్నం సోమ్లీ సైకిల్ నెట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఓ కల్యాణ్ నాయినా! సైను వదులైంది."

"అరే! గిదేంది, మొన్ననే గద బిగిచ్చిన?" అన్నాడు పూల్‌సింగ్, గొంతులో దొరికినంత ఆశ్చర్యం పోగేసి.

"మొన్న మొన్ననే. ఇయ్యాల ఇయ్యాలనే."

అతను లోపల్నుంచి పీట తెచ్చి, భుజం మీది తువ్వాలతో దులిపి వేశాడు. "కూసో," అన్నాడు. కొంచెం ఆగి, ఎటో చూస్తూ, "తిన్నవా?" అన్నాడు.

సోమ్లీ ఏదో కొత్త మనిషిని చూసినట్టు చూసి, పీట మీద కూర్చుంది.

పూల్‌సింగ్ సైకిల్ తలకిందులు చేశాడు. పెడల్ తిప్పి బిగువు జాగా వెతికాడు. పానా తీసుకుని వెనక నట్టు దగ్గరికి వంగాడు. చేయి అక్కడే ఆగిపోయింది.

నట్టు మీద సన్నటి సున్నం గీత ఉంది, తను గీసింది కాదు. సగం నట్టు మీద, సగం ఇరుసు మొన మీద. రెండు సగాలూ కలవడం లేదు.

మెల్లగా తలెత్తి చూశాడు. సోమ్లీ గుట్ట వైపు తిరిగి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"జర మెల్లగనే బిగియ్యి," అంది. "తొందరేం లేదు."